నేల ఉందా లేదా

పది కావడానికి రెండు నిమిషాలుండగా ఆమె వ్యాన్ తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని, చెప్పులు విడిచి, పొట్టి స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఇక గంటసేపు కదలకూడదు. దగ్గొస్తే మింగాలి, కాలు తిమ్మిరెక్కితే ఎక్కనివ్వాలి, ముక్కు దురద పెడితే ఆ ముక్కు ఇంకెవరిదో అనుకోవాలి. వ్యాన్ అడుగున కోసిన చదరపు కంతలోంచి మూడు ఉక్కు కాళ్ళు దిగి నేరుగా రోడ్డు మీద నిలబడ్డాయి. వాటిపైన నడుమెత్తు స్తంభం, స్తంభం లోపల గాలి ఆనవాలు లేకుండా పీల్చేసిన గాజు గది, ఆ గదిలో చిటికెడైనా లేని అణువుల మబ్బు. ఆరు వైపుల నుంచి లేజర్ కాంతి వాటిని అటు తోసి ఇటు తోసి పరుగు మాన్పిస్తుంది. చలి అంటే అంతే, పరుగు మానడం. ఈ వీధిలోనే కాదు, ఊరి ఐస్ ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల చల్లగదుల్లో ఎక్కడా లేనంత చలి ఆమె మోకాళ్ళకు మూరెడు దూరంలో ఉంది, ఆమె వీపు మీద మాత్రం చెమట కారుతోంది. అణువులు నిలకడగా ఆగిన క్షణాన కాంతి ఆరిపోతుంది, అవి పడతాయి. జానెడు కూడా పడవు, రెప్పపాటు కూడా పట్టదు. ఆ పడటంలో మూడుసార్లు కాంతి తగిలించి, ఒక్కో అణువునూ రెండు దారులు పట్టించి మళ్ళీ కలిపి, ఎంత వేగంగా పడ్డాయో అడగాలి. కింద మట్టి తక్కువైతే భూమి లాగుడూ తగ్గుతుంది, అవి రవ్వంత నెమ్మదిగా పడతాయి. తెర మీద ఒక చుక్క పడుతుంది. మళ్ళీ ఆపడం, మళ్ళీ వదలడం, మళ్ళీ చుక్క. రెండు సెకన్లకొకటి, గంటకు పద్దెనిమిది వందలు. ఒక్క చుక్కను నమ్మితే మోసపోతాం. పద్దెనిమిది వందలు కలిసి చెబితే వినాలి.

మొదటి చుక్క పడింది. రెండోది. అణువు ఒకేసారి రెండు దారుల్లో పోతుందని చెప్పగానే జనం కళ్ళు పెద్దవి చేసుకుని జీవితం గురించి మాట్లాడటం మొదలుపెడతారు, అయ్యో మేడమ్ మనమూ అంతే కదా అంటారు, అంతే కాదు అని చెప్పి చెప్పి ఆమెకు విసుగొచ్చింది. మనం ఒక దారినే పోతాం, దాని మీదే నిలబడాలి, తప్పయితే తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకుంది కదా, మూడేళ్ళ కిందట, ఊరంతా చూస్తుండగా. పాత మార్కెట్ వెనక వీధిలో భూమి కింద ఖాళీ ఉందని రాసిచ్చింది. నగర కార్యాలయం వాళ్ళు పందొమ్మిది రోజులు తవ్వారు. గట్టి మట్టి, కింద ఇంకా గట్టి మట్టి, దాని కింద రాయి. దుకాణాలవాళ్ళు వచ్చి గోతి అంచున నిలబడి ఆమెకేసి చూసేవారు. ఎవరో గొయ్యి మేడమ్ అన్నారు, పేరు అంటుకుపోయింది. కార్యాలయంలో బంట్రోతు దగ్గర్నుంచి పెద్ద ఇంజనీరు దాకా గొయ్యి మేడమ్ వచ్చారండీ అనేవారే. అది కూతురి బడి దాకా పాకింది. పిల్ల ఒక వారం అన్నం సరిగా తినలేదు, ఎందుకో చెప్పలేదు. అత్తగారు కూపీ లాగి కనుక్కుని నవ్వేసింది. మీ నాన్న పళ్ళలో గోతులు పూడుస్తాడు, మీ అమ్మ రోడ్ల కింద గోతులు వెతుకుతుంది, మన కొంపంతా గోతుల మీదే నడుస్తోందే, సిగ్గుపడితే ఎలా అంది. పిల్ల నవ్వలేదు. ఇవాళ పొద్దున రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటూ, తలెత్తకుండా, ఈసారైనా కరెక్టేనా అమ్మా అని అడిగింది.

ఈసారైనా. ఆ మాట పొద్దున్నుంచీ వెంటే తిరుగుతోంది. కోపంగా అడిగినా బాగుండేది, జాలిగా అడిగింది. పదహారేళ్ళ పిల్ల తల్లి మీద జాలి పడటం నేర్చుకుంది. కడుపులో ఉన్నప్పుడు ఈ పిల్లే ప్రయోగశాలలో తంతూ ఉండేది. ఎనిమిదో నెలలో, నేలమాళిగ గదిలో, అద్దాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంటే కడుపు గట్టిగా కదిలి మర చేయిజారేది, కాంతి గోడ మీదకు పోయేది. మళ్ళీ మొదటికి. ఆ గదిలో ఆరేళ్ళు. పగలో రాత్రో తెలియదు, కిటికీ లేదు, పంపుల రొద తప్ప ఇంకో ధ్వని లేదు. మొదటిసారి మబ్బు కనిపించిన రోజున గురువుగారు తెర మీద మిరియపుగింజంత మసక మచ్చను వేలితో చూపించి, చూడమ్మా, ఊరుకుంది అన్నారు. ఏడుస్తున్న బిడ్డ ఊరుకున్నట్టు. ఆ పైన ఇంటికెళ్ళి అన్నం తిని పడుకో అన్నారు. ఆయన ఉండి ఉంటే పాత మార్కెట్ గొడవప్పుడు ఏమనేవారో. ఏమీ అనేవారు కాదు. తప్పు ఎక్కడుందో కనిపెట్టావా అని అడిగేవారు.

కనిపెట్టింది. ఎనిమిది నెలలు పట్టింది. యంత్రాన్ని విప్పింది, బిగించింది, ఒక్కొక్క తీగా మార్చింది. అప్పటికి ఆమె మాట వినేవాళ్ళు ఎవరూ లేరు, అది ఒక రకంగా మేలైంది, తొందరపెట్టేవాళ్ళు కూడా లేరు. ఒక సెలవురోజు మధ్యాహ్నం నడుంనొప్పికి అత్తగారు వాడుకునే వేడినీళ్ళ రబ్బరు సంచీ కనబడింది. ఎందుకో దాన్ని తీసుకెళ్ళి యంత్రం మూడు కాళ్ళలో ఒకదానికి కట్టి కూర్చుంది. పావుగంటకు అంకె దిగింది. సంచీ చల్లారింది, అంకె ఎక్కింది. ఆ కాలు వెంట్రుక మందం పొడుగైంది, అంతే. స్తంభం వాలింది, వాలితే అణువులు పడే దారి పూర్తిగా చూడలేం, కొలత తగ్గుతుంది. ఎటు వాలినా తగ్గడమే, పెరగడమనేది లేదు. కింద ఖాళీ ఉన్నా తగ్గడమే. పాత మార్కెట్ వీధిలో పొద్దుటి ఎండ రెండు ఇళ్ళ సందులోంచి వచ్చి సరిగ్గా ఒక కాలి మీద పడేది. ఎండను చూసి గొయ్యి అనుకుంది ఆమె. ఆ సాయంత్రమే కూర్చుని నాలుగు పేజీలు రాసింది, తప్పు నాది, కారణం ఇది, సరిదిద్దిన పద్ధతి ఇది అని. కార్యాలయానికి పంపింది, పత్రికకు పంపింది. జవాబు రాలేదు. తప్పు చేసినప్పుడు ఊరంతా వచ్చింది, తప్పెక్కడో దొరికినప్పుడు ఒక్కరూ రాలేదు.

ఇప్పుడు కాళ్ళ చుట్టూ తెల్ల కాన్వాసు గుడ్డ కట్టింది. వాలు చూసే పరికరాలు ఒకటికి రెండు పెట్టింది. రెండూ తెర మూలన సున్నా దగ్గరే నిలబడి ఉన్నాయి. నిలబడండి, కదిలారంటే చంపేస్తాను. మూడు రోజులుగా ఈ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా పదకొండు చోట్ల కొలిచింది. చంద్రుడి లాగుడు తీసేసింది, రెండువైపులా ఇళ్ళ బరువు లెక్కకట్టి తీసేసింది. అన్నిచోట్లా ఒకటే అంకె, ఇస్త్రీ దుకాణం ముందుకొచ్చేసరికి తగ్గింది. నిన్న అక్కడ ఇరవై నిమిషాలే దొరికాయి, ఇరవై నిమిషాల మాట నిలబడదు. గంట కావాలి. ఆ గంట ఇదే. పదకొండింటికి ఆఖరిసారి రోడ్డు అణచడానికి రోలర్ వస్తుంది, రేపు పొద్దున్నుంచి కొత్త బస్సులు ఈ దారినే నడుస్తాయి. ఒక్కొక్కటి పన్నెండు టన్నులు, డెబ్భైమంది జనం అదనం. పక్క సందులోనే బడి, డెబ్భైమందిలో బడిపిల్లలెందరు. లెక్కపెట్టకు, ఊపిరి బరువవుతుంది, భుజాలు కదులుతాయి.

వ్యాన్ చిన్న అద్దంలోంచి ఇస్త్రీ దుకాణం సగం కనిపిస్తోంది. ముసలావిడ చొక్కా చేతిని మడిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె నొక్కిపట్టి లాగుతోంది. నిన్న ఆవిడే పిలిచి తలుపు చూపించింది. వానలకు చెక్క పొంగిందని వడ్రంగి రెండుసార్లు చిత్రిక పట్టాడట, అయినా మూసుకోవడం లేదట, వానలు పోయి రెండు నెలలైనా. తలుపు పైన అడ్డకమ్మీ ఒక పక్కకు జారినట్టుంది, గోడ మీద జాలరి దారమంత బీట. ఏం కనిపెడుతున్నావమ్మా అని అడిగింది ఆవిడ. కింద పాత నీళ్ళగొట్టం కారి మట్టిని కొట్టుకుపోయిందేమోనని చూస్తున్నానంది. ఆవిడ పెట్టె పక్కన పెట్టి, నేను పిచ్చిదాన్నని మా కోడలంటుంది, పొయ్యి దగ్గర నిలబడితే నేల బోలుగా మోగుతోందంటే నవ్వుతుంది అంది. పళ్ళ డాక్టరైన తన భర్త కూడా ఇలాంటిదే చెబుతాడు. పైకి చూస్తే తెల్లగా మెరుస్తుంటుంది పన్ను, చిన్న సుత్తితో తడితే మోత తేడాగా ఉంటుంది, నొప్పి లేదు కదా డాక్టరుగారూ ఎందుకు తవ్వుతారు అని దెబ్బలాడతారు, నొప్పి వచ్చేదాకా ఆగితే పన్ను ఉండదు. మూడేళ్ళ కిందట ఆయన ఒక్కమాట కూడా అనలేదు. అనకపోవడమే బరువైంది. ఏదో ఒకటి అను అని ఆమె అరిచింది ఒకరోజు. పన్ను తప్పు పీకిన రోజు నాకూ ఉంది, ఆ మనిషి ఇప్పటికీ వీధి దాటి అవతలి పక్కనుంచి పోతాడు, అయినా మర్నాడు నేను దుకాణం తెరిచాను అన్నాడు.

తలుపు మీద దడదడా చప్పుడు. తెర మీద చుక్కలు చెల్లాచెదురయ్యాయి, ముప్పై చుక్కలైనా పోయి ఉంటాయి. ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. పక్క అద్దం దగ్గర పెద్ద ఇంజనీరు మొహం. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో మడిచిన కాగితాలు. వ్యాన్ తీయాలన్నాడు, రోలర్ వచ్చేసిందన్నాడు, పదకొండింటిదాకా అనుమతి ఇచ్చిన మాట నిజమే కానీ ముందే వచ్చింది కదా అన్నాడు. ఆమె పెదవులు మాత్రం కదిపి, పదకొండు కాలేదు అంది. ఆయన గొంతు తగ్గించి, అక్కడే అసలు మాటకొచ్చాడు. నిన్నటి కాగితంలో ఖాళీ ఉండవచ్చు అని రాశారట, దాన్ని కొలత పొరపాటు హద్దులోనే ఉంది అని మారిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదట, ఆమెకూ గౌరవంగా ఉంటుందట.

“పందొమ్మిది రోజులు తవ్వించారు మేడమ్ మీరు. నేను మర్చిపోలేదు.”

“నేనూ మర్చిపోలేదు. అప్పుడు తప్పు నాది, రాసి మీకే పంపాను. మీరు చదవలేదు. ఇప్పుడు తలుపు కొట్టకండి, ముప్పై కొలతలు పోయాయి.”

ఆయన చెయ్యి తలుపు మీదకు లేచి ఆగిపోయింది. వెళ్ళాడు. గౌరవంగా ఉంటుందట. పొరపాటు హద్దు అనే మాట ఆమె నేర్పిందే వాళ్ళకు, ఆ మాటతోనే ఆమె నోరు కట్టేయాలని చూస్తున్నారు. హద్దు ఎంతో ఆమెకు తెలుసు, హద్దును సగం చేయడానికే ఈ గంట, ఆ సగం కావడం వాళ్ళకిష్టం లేదు. ఎడమకాలు మొద్దుబారింది. పర్వాలేదు, ఉండనీ. చెవిలో పెట్టుకున్న ఫోను గొణిగింది. డైరెక్టరు. తనతో పాటు ఆ నేలమాళిగలోనే చదువుకున్నవాడు, ఆమె అద్దాలు సరిచేస్తుంటే పక్కన కూర్చుని వేరుసెనక్కాయలు వలిచిపెట్టినవాడు, ఇప్పుడు పై అంతస్తులో కిటికీ ఉన్న గదిలో కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తేలిగ్గా ఉండేది. కార్యాలయం నుంచి ఫోనొచ్చిందట, తిరిగొచ్చేయమన్నాడు, యంత్రం ప్రయోగశాలకు చెందినదే తప్ప ఆమె సొంతం కాదని గుర్తుచేశాడు. ఇంకోసారి నవ్వులపాలైతే ఈ విభాగాన్ని నేను కాపాడలేను అన్నాడు.

“కాపాడకు. పదకొండుకు అంకె పంపిస్తాను, అది చూసి మాట్లాడు.”

“మళ్ళీ తప్పయితే?”

“తప్పయితే మళ్ళీ నేనే రాస్తాను. ఆ పని నాకు వచ్చు. నీకొచ్చా?”

అతను ఫోను పెట్టేశాడు. అలా అనాల్సింది కాదేమో. కాదు, అనాల్సిందే. ఇరవై ఏళ్ళుగా అనాల్సింది ఒకటి ఈ వేళకు నోట్లోంచి వచ్చింది. అణువులు ఆగాయి, పడ్డాయి, ఆగాయి, పడ్డాయి. వాటికి ఎవరి భయమూ లేదు. కింద మట్టి ఉంటే ఒక తీరు, లేకపోతే ఒక తీరు, పెద్ద ఇంజనీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా. ఈ పనిలోకి ఎందుకొచ్చావని కూతురు చిన్నప్పుడు అడిగితే ఏదో చెప్పింది, ఇప్పుడడిగితే ఇదే చెబుతుంది, వీటికి మొహమాటం లేదమ్మా అని. నలభై తొమ్మిది నిమిషాలు. అంకె కుదురుకుంటోంది. నిన్నటిదే, నిన్నటికన్నా గట్టిగా.

అప్పుడు రోలర్ ఇంజను మోగింది. ముందు స్టూలు కాళ్ళలోంచి, తరవాత పళ్ళలోకి. రోలర్ కదల్లేదు, వీధి మొదట్లో నిలబడే గుర్రుమంటోంది. తెర మీద చుక్కలు ఆవాలు ఒలికినట్టు చిందరవందరయ్యాయి. కావాలనే. ఆయనే ఇంజను వేయమని ఉంటాడు, తలుపు కొట్టొద్దంది కదా, కొట్టలేదు. ఒక క్షణం ఆమెకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళంతా వేడెక్కింది. యంత్రాన్ని ఆపుచేసి, గడియ తీసి, మొద్దుబారిన కాలు ఈడ్చుకుంటూ చెప్పుల్లేకుండా కొత్త తారు మీదకు దిగింది. తారు కాల్చింది. కాల్చనీ. డెబ్భై అడుగులు నడిచింది, ముసలావిడ ఇస్త్రీ పెట్టె నిలువుగా పెట్టి చూస్తోంది, పెద్ద ఇంజనీరు ఏదో అంటున్నాడు, ఆమె ఆయన్ని దాటుకుని నేరుగా రోలర్ దగ్గరకు పోయింది. పైన కూర్చున్న డ్రైవరు యాభై ఏళ్ళ మనిషి, తలకు తడిగుడ్డ. ఇంజను మోతకు వినపడక వంగి చెవి ఇచ్చాడు.

“లోపల ఏం కొలుస్తున్నారమ్మా?” అన్నాడు.

“నీ బండి కింద నేల ఉందా లేదా అని.”

“ఉందా?”

“ఇక్కడ ఉంది. అక్కడ, ఆ ఇస్త్రీ కొట్టు ముందు, లేదనుకుంటున్నాను. పావుగంట ఇంజను ఆపితే ఖాయంగా చెబుతాను.”

అతను ఆమె పాదాల వంక చూశాడు, ఇంజనీరు వంక చూశాడు, వీధి మధ్యలో ఒంటరిగా నిలబడ్డ వ్యాన్ వంక చూశాడు. ఇంజను ఆగింది. తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, పావుగంటేనా, కూర్చుంటాలెండి అన్నాడు. ఇంజనీరు గొంతు లేచింది. ఎవరి ఆజ్ఞతో ఆపావన్నాడు. నేను నడపాల్సిన రోడ్డు కదండీ, మీరెక్కుతారా అన్నాడు డ్రైవరు, కోపం లేకుండానే. ఆమె వెనక్కి నడిచింది. ఎవరినీ కన్నెత్తి చూడలేదు. చూస్తే థాంక్స్ చెప్పాలి, అంత వ్యవధి లేదు.

మళ్ళీ స్టూలు, మళ్ళీ మోకాళ్ళ మీద చేతులు. పాదాలు మండుతున్నాయి. వాలు సున్నా. వీధి ఇంత నిశ్శబ్దంగా ఉండటం మూడు రోజుల్లో ఇదే మొదటిసారి. ఆ కొత్త చుక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయి, చూడమ్మా ఊరుకుంది, ఊరుకుంది. పదకొండయింది, దాటింది, ఎవరూ రాలేదు. పదకొండూ పన్నెండుకు లెక్క పూర్తయింది. భూమి లాగుడు వంద కోట్ల వంతులనుకుంటే ఇక్కడ అరవై నాలుగు వంతులు తక్కువ. అటూ ఇటూ ఎనిమిది. అక్కడ నిలబడ్డ మనిషి బరువు ఒక నువ్వుగింజంత తగ్గుతుంది, అంతే తేడా. ఆ తేడా రావాలంటే కింద ఒక గది పట్టేంత చోట మట్టి ఉండకూడదు. పైకప్పు మూడు నాలుగు మీటర్ల లోతులో ఉండాలి. ఆమె అంకెను రెండుసార్లు చదివింది. సంతోషం రాలేదు. ఆ పైకప్పు మీద ముసలావిడ, పొయ్యి, బట్టల మూటలు. కాగితం మీద అంకె, లోతు, తేదీ, వేళ రాసి కింద సంతకం పెట్టింది. ఉండవచ్చు అన్న మాట వాడలేదు. ఉంది అని రాసింది.

బోరు వేసి చూడమంటే ఇంజనీరు ఒప్పుకోలేదు, పై నుంచి ఆజ్ఞ కావాలన్నాడు. అయితే కాగితం మీద ఇది అందింది, చదివాను, అయినా రోలర్ నడపమన్నాను అని రాసి సంతకం చేయమంది. ఆయన పెన్ను తీశాడు. కాగితాన్ని చాలాసేపు చూశాడు. డ్రైవరు, ముసలావిడ, పక్క మేడ మీది ఇద్దరాడవాళ్ళు, అందరూ ఆ పెన్నునే చూస్తున్నారు. పెన్ను మళ్ళీ జేబులోకి పోయింది, ఫోను బయటికొచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకు బోరు బండి వచ్చింది. ఈలోగా డైరెక్టరు నుంచి అంకె చూశాను అని రెండు మాటలు, ఇంకేమీ లేదు. చేతిమందం కడ్డీ గిర్రున తిరుగుతూ దిగింది, మొదట కొత్త తారు పొడి, తరవాత కంకర, తరవాత ఎర్రమట్టి, మీటరు, రెండు మీటర్లు, తడి ఇసుక. మూడు మీటర్లు. గట్టిగానే ఉంది మేడమ్ అన్నాడు ఇంజనీరు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. పందొమ్మిది రోజులూ ఇలాగే నిలబడింది, మోకాళ్ళకు తెలుసు ఆ నిలబడటం. మూడు మీటర్ల ఇరవై. తప్పయితే మళ్ళీ రాస్తాను, తప్పయితే మళ్ళీ రాస్తాను. కడ్డీ ఒక్కసారిగా జారింది. పట్టుకున్నవాడు తూలి ముందుకు పడబోయి బండి అంచు పట్టుకున్నాడు. కడ్డీ నిలువెత్తున్నర లోపలికి పోయి, ఎక్కడో నీళ్ళలో చప్పుడు చేసి ఆగింది. ఆ కంతలోంచి చల్లటి గాలి, తడిమట్టి వాసన పైకొచ్చాయి. డ్రైవరు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

ముసలావిడను బయటకు పిలిచింది ఆమె. పెట్టె ప్లగ్గు తీయించి, చేయి పట్టుకుని గుమ్మం దాటించి ఎదుటి అరుగు మీద కూర్చోబెట్టింది. మేడ మీదివాళ్ళను దిగమని చెప్పడానికి డ్రైవరు అప్పటికే మెట్లెక్కుతున్నాడు. ఇంజనీరు ఆమె దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆయన చొక్కా నలిగింది. పొద్దున ఉన్న గొంతు ఇప్పుడు లేదు.

“ఇది ఎంత దూరం ఉంటుంది మేడమ్?”

“ఇంకా తెలియదు. బడి వైపు నాలుగుచోట్ల కొలవాలి, ఒక్కోచోట గంట. అందాకా ఈ రోడ్డు మీద బస్సు గాని రోలర్ గాని తిరగడానికి వీల్లేదు. అది మీరు రాసి, మీరే సంతకం పెట్టాలి.”

ఆయన ఆజ్ఞల సంగతేదో ఎత్తబోయాడు. ఆమె వినలేదు. వ్యాన్ ఎక్కి యంత్రం కాళ్ళు పైకెత్తి, బండిని బడి గోడ పక్కకు తోలి, మూడు కాళ్ళనూ మళ్ళీ నేల మీద దించింది.